విత్తనానికీ ఒక సర్వీసు రిజిస్టరు కావాలి
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లేచి నిలబడగానే డి.ఎ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. ఆ విషయాలు మన కార్యదర్శిగారు నాకంటె బాగా చెప్పగలరు. ఇందాక మన సభ ఒక తీర్మానం చేసింది. ఈ వానాకాలంలో ఊరవతల గుట్ట మీద, అటవీ శాఖవారి అనుమతితో, ఐదు వందల మొక్కలు నాటాలని. చాలా సంతోషం. నేనూ చేయెత్తాను. కాని ఆ తీర్మానంలో ఒక మాట లేదు. ఆ మొక్కలకు విత్తనం ఎక్కడిది? ఆ ఒక్క మాట గురించి నాకు తెలిసినంత మనవి చేసుకుంటాను.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో పదవీ విరమణ చేసేదాకా ఉత్తర తెలంగాణలోని అటవీ కార్యాలయాలలో ఫైళ్ళు రాసినవాణ్ణి. అడవిని నేను ఎక్కువగా కాగితం మీదనే చూశాను. అయితే ఆ కాగితాలలో విత్తన తోట కాగితాలు కూడా నా టేబుల్ మీదికే వచ్చేవి. అందువల్ల కొంత నేర్చుకున్నాను. ఒక తప్పు చేసి మరికొంత నేర్చుకున్నాను.

విత్తన తోట అంటే ఏమిటి? మామిడితోట పండు కోసం పెంచుతాం. విత్తన తోట విత్తనం కోసమే పెంచుతారు. టేకునే తీసుకోండి. అడవిలో వెతికి, మాను నిటారుగా, కొమ్మలు లేకుండా పొడుగ్గా సాగి, తెగులు లేని చెట్లను ఎంపిక చేస్తారు. వాటిని ప్లస్ చెట్లు అంటారు. వాటి మొగ్గలు తెచ్చి మామూలు టేకు మొదళ్ళకు అంటుకడతారు. ఒక ప్లస్ చెట్టు నుంచి వచ్చిన అంట్లన్నీ కలిపి ఒక క్లోను. అంటే ఒకే మనిషికి అచ్చుగుద్దినట్లున్న కవలలు అనుకోండి. ఒకే క్లోను అంట్లు పక్కపక్కన పడకుండా, పటం గీసి, దూరం దూరంగా నాటుతారు. చుట్టుపక్కల మామూలు టేకు లేకుండా ఖాళీ వదులుతారు. ఎందుకంటే టేకుపూల పుప్పొడిని తేనెటీగలు, ఇతర పురుగులు మోస్తాయి. పురుగుకు మన సరిహద్దు రాళ్ళు తెలియవు గదా!

నాటడంతో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. అంటు కట్టిన చోటికి కింద, మొదలు నుంచి పిలకలు లేస్తాయి. వాటిని ఎప్పటికప్పుడు తీసేయాలి. తీయకపోతే పిలక బలిసి అంటును చంపేస్తుంది. చెట్టు నిలబడే ఉంటుంది. రిజిస్టరులో ప్లస్ చెట్టు అనే ఉంటుంది. కాని అది ఏ మామూలు మొక్కో! మన ఆఫీసులలో ఒకరి పేరు మీద ఇంకొకరు జీతం తీసుకున్నట్లే.

మా తోటలో ప్రతి చెట్టుకూ నంబరు వేసిన రేకు బిళ్ళ కట్టారు. కొన్నేళ్ళకు కొన్ని రాలిపోయాయి, కొన్నింటిని పశువుల కాపరి పిల్లలు పీక్కుపోయారు. చచ్చిన అంట్ల స్థానంలో ఎవరో నర్సరీ నుంచి మామూలు టేకు మొక్కలు తెచ్చి ఖాళీలు పూరించారు. కొత్త రేంజి అధికారిగారు వచ్చి, ఏ చెట్టు ఏ క్లోనో చెప్పమంటే చెప్పేవాడు లేడు. అదృష్టవశాత్తు, నాటిన నాటి పటం నకలు ఒకటి నా బీరువాలో ఉంది. ఆ పటం పట్టుకొని వాచరు, నేను రెండు రోజులు వరుసలన్నీ నడిచాం. ఒక్కొక్క చెట్టుకు ఒక పేజీ కేటాయించి రిజిస్టరు తెరిచాను. క్లోను నంబరు, నాటిన తేదీ, పూసిన నెల, కాసిన కాయ, వచ్చిన జబ్బు. మన సర్వీసు రిజిస్టరుకూ దానికీ తేడా ఒక్కటే. చెట్టుకు బదిలీ లేదు!

ఆ రిజిస్టరు వల్లనే ఒక సంగతి బయటపడింది. తోట చూడటానికి పచ్చగా ఉంది గాని కాయ తక్కువ. ఎందుకని? టేకుపువ్వు ఒక్కరోజు పువ్వు. గుత్తిలో వేల పూలు పూసినా కాయగా నిలిచేవి కొన్నే. తన పుప్పొడితో తనకు కాయ పట్టడం కష్టం. వేరే క్లోను పుప్పొడి కావాలి. కాని వేరువేరు ప్రాంతాల నుంచి తెచ్చిన క్లోన్లు ఒకటి ముందు పూస్తుంది, ఒకటి వెనుక పూస్తుంది. ఒకటి పూసే రోజుల్లో పొరుగుది ఇంకా మొగ్గ మీదనే ఉంటుంది. పెళ్ళికొడుకు వచ్చేసరికి ముహూర్తం దాటినట్లు. ఈ ఇబ్బంది ఒక్క మా తోటదే కాదు, దేశంలో చాలా టేకు విత్తన తోటలలో ఉన్నదే. అందుకే ఏ క్లోను ఏ నెలలో పూస్తుందో రాసి పెట్టుకుంటేనే, తరువాతి తోటలో కలిసి పూసేవాటిని కలిపి నాటగలం. కొమ్మలు ఒరుసుకోకుండా పలచన చేయడం, కలుపు తీయడం, వేసవికి ముందే అగ్గి గీతలు గీయడం, తేనెటీగలను బతకనివ్వడం ఇవన్నీ తోట యాజమాన్యమే.

ఇక నా తప్పు సంగతి. ఇప్పటికి నలభై ఏళ్ళు దాటినా అది నన్ను వదలలేదు.

1984 జూన్ నెల. బోడిగా మారిన ఒక గుట్టను తిరిగి అడవి చేయాలని పథకం వచ్చింది. టేకుతో పాటు ఇప్ప కూడా నాటాలన్నారు. వాచరు, అతని భార్య, గూడెంలోని మరికొందరు కలిసి ఇప్పగింజ ఏరి గోనెసంచులలో తెచ్చారు. వోచరు నా దగ్గరకు వచ్చింది. మంజూరైన రేటు కంటె కిలోకు కొన్ని పైసలు ఎక్కువ రాసి ఉంది. నేను అభ్యంతరం రాశాను. రూలు ప్రకారం అది సరియైనదే. అభ్యంతరం తేలేదాకా స్టాకు పుస్తకంలో ఎక్కదు. స్టాకులో ఎక్కనిది నర్సరీకి ఇవ్వరాదు. సంచులు గోదాములో ఉండిపోయాయి.

వారం తరువాత వాచరు వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. నాకంటె ఇరవై ఏళ్ళు పెద్దవాడు. "సారూ, ఇప్పగింజ ఫైలు లెక్క కాదు. ఆగుమంటె ఆగదు" అన్నాడు. "పై నుంచి జవాబు రానీ తాతా, నా చేతిలో ఏముంది" అన్నాను. అతను ఇంకేమీ అనలేదు.

జవాబు వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. సంచి విప్పితే ఆవిరి వాసన, బూజు. చల్లిన గింజలలో మొలిచినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. టేకుకాయ గట్టిది, ఏడాది నిలవ ఉన్నా మొలుస్తుంది. రాత్రి నీళ్ళలో నానబెట్టి, పగలు ఎండబెట్టి, ఇలా వారం పది రోజులు చేస్తే గాని దానికి మెలకువ రాదు. ఇప్పగింజ అలా కాదు. ఎండితే చస్తుంది, కుప్పలో ఉడికితే చస్తుంది. రాలిన కొద్ది రోజులలోనే మట్టిలో పడాలి. వేప కూడా అంతే. ఆ భేదం నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ గుట్ట మీద చివరకు టేకు ఒక్కటే నాటారు. రిటైరైన తరువాత ఒకసారి అటు వెళ్ళాను. టేకు వరుసలు బాగానే ఉన్నాయి. కాని ఇప్ప లేదు. గూడెం ఆడవాళ్ళు ఇప్పపువ్వు కోసం ఆ గుట్ట దాటి ఇంకా లోపలికి పోతున్నారు. వాచరు అప్పటికే కాలం చేశాడు. కొన్ని పైసల అభ్యంతరం ఖరీదు అది.

అప్పుడు నాకు అర్థమైంది, తోట పెంచడం వేరు, అడవిని తిరిగి తేవడం వేరు అని. కలప కోసమైతే ఎంపిక చేసిన కొన్ని మేలు చెట్ల విత్తనం చాలవచ్చు. అడవి కోసమైతే అలా కుదరదు. ఇప్ప, నల్లమద్ది, ఏగిశ, మొర్రి, ఉసిరి, తునికి అన్నీ కావాలి. ఒక్కొక్క జాతికి ఒకటి రెండు చెట్ల గింజ కాదు, కనీసం ముప్పై తల్లి చెట్ల గింజ కావాలని ఈ పని తెలిసినవారు చెబుతారు. ఆ తల్లులు కూడా పక్కపక్కవి కాకూడదు. పక్కపక్కవి అక్కాచెల్లెళ్ళు కావచ్చు. ఒకే తల్లి పిల్లలతో అడవి నింపితే, రేపు ఆ పిల్లలు తమలో తామే కలిసి గింజ కడితే, తరువాతి తరం బలహీనమవుతుంది. ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోతాయి. మేనరికాల సంగతి మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి అడవి జాతులకు విత్తన తోట వేసేటప్పుడు, ఆ ప్రాంతపు అడవిలోనే చాలా తల్లుల నుంచి గింజ తెచ్చి, తల్లి వారీగా గుర్తుపెట్టి నాటాలి. పలచన చేసేటప్పుడు ప్రతి తల్లి సంతానంలోనూ బలహీనమైనవి తీసేయాలి గాని, ఏ తల్లి వంశాన్నీ మొత్తానికి తుడిచిపెట్టరాదు. గింజ కలిపేటప్పుడు ప్రతి చెట్టు నుంచి సమానంగా తీసుకోవాలి. విరగకాసిన చెట్టు గింజే సంచి నిండా ఉంటే, పేరుకు ముప్పై తల్లులు, నిజానికి నాలుగే.

ఇక మన తీర్మానానికి వస్తాను. మూడు సవరణలు ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, మొక్కలు తెచ్చే ముందు నర్సరీవారిని అడుగుదాం. ఈ విత్తనం ఏ అడవిది, ఎన్ని చెట్లది, ఎప్పుడు ఏరినది? చెప్పలేకపోతే కోప్పడవద్దు. వచ్చే ఏడాదికి రాసి పెట్టమని కోరదాం.

రెండవది, ఐదు వందలూ ఒకే జాతి వద్దు. ఈ ప్రాంతపు చెట్లే కనీసం పది జాతులు ఉండాలి.

మూడవది, మన ఊళ్ళలో, మన బంధువుల చేలగట్ల మీద ఇంకా మిగిలిన పాత ఇప్పచెట్లు, మద్దిచెట్లు ఎక్కడున్నాయో ఒక పుస్తకంలో రాద్దాం. ఎప్పుడు పూసింది, గింజ ఎప్పుడు రాలింది కూడా రాద్దాం. రిజిస్టరు రాయడంలో మనల్ని మించినవారు ఎవరున్నారు? ముప్పై ఏళ్ళు చేసిన పని అదే. ఆ పుస్తకం మన ఊరి విత్తన తోటకు మొదటి కాగితం అవుతుంది. మనవళ్ళు, మనవరాళ్ళు ఉన్నవారు వారిని వెంట తీసుకుపోండి. చెట్టు పేరు వాళ్ళకు తెలుస్తుంది, మన మోకాళ్ళకు నడకా దొరుకుతుంది.

ఏటా మనం బతికే ఉన్నామని పత్రం ఇస్తేనే పెన్షను వస్తుంది. గింజను ఎవరూ పత్రం అడగరు. బతికి ఉందో లేదో మట్టిలో వేశాకే తెలుస్తుంది. అప్పటికి వాన దాటిపోతుంది. అందుకని ముందే అడగడం, ముందే రాసుకోవడం, రాలిన వెంటనే చల్లడం, ఈ మూడూ మరువవద్దని మనవి.

రిజిస్టరు నేను ఇవాళ వెంట తెచ్చాను. నూరు పేజీలది. మొదటి పేజీలో మా పెరటి వెనక చేలోని ఇప్పచెట్టును నిన్ననే రాశాను. రెండవ పేజీ ఖాళీగా ఉంది. సభ ముగిశాక ఎవరైనా వచ్చి రాయవచ్చు.