తెలియని ఆట ఆడే యంత్రం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1997లో డీప్ బ్లూ అనే కంప్యూటరు చదరంగంలో కాస్పరోవ్‌ను ఓడించింది. గొప్పే. కానీ దాని ముందు మన పులిజూదం పటం గీసి పెడితే? మూడు పులులు, పదిహేను మేకలు. రచ్చబండ మీద పిల్లవాడు నాలుగాటలు చూసి ఐదోది తనే ఆడతాడు. డీప్ బ్లూకి అది చేతకాదు. దాని తెలివంతా తయారుచేసిన ఇంజనీర్లది.

ఈ లోటు చూసే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మైకేల్ జెనెసెరెత్ బృందం 2005లో జనరల్ గేమ్ ప్లేయింగ్ అనే పోటీ మొదలుపెట్టింది. బహుమతి 10,000 డాలర్లు. ఏ ఆట వస్తుందో ప్రోగ్రాం రాసినవాడికి ముందు తెలియదు. ఆటకు ముందు నియమాలు ఒక తర్కభాషలో నేరుగా యంత్రానికి అందుతాయి. చదువుకోటానికి కాస్త వ్యవధి, ఆపైన ప్రతి ఎత్తుకీ గడువు. రాసినవాడు చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే!

2007, 2008లలో ఐస్‌లాండ్ వాళ్ళ కాడియాప్లేయర్ గెలిచింది. దాని పద్ధతి వింటే నవ్వొస్తుంది. ఎత్తు వేసేముందు ఆటను తనలో తానే చివరిదాకా గబగబా, చాలావరకు గుడ్డిగానే, మళ్ళీ మళ్ళీ ఆడేస్తుంది. ఏ ఎత్తుతో ఎక్కువసార్లు గెలుపొచ్చిందో అటు మొగ్గుతుంది. 2017లో వచ్చిన ఆల్ఫాజీరో కూడా తనతో తాను లక్షల ఆటలు ఆడే నేర్చుకుంది.

మన ఉద్యోగాల్లో ఆ వీలుందా? 2004 డిసెంబరు 26 ఉదయం కార్ నికోబార్ వైమానిక స్థావరం మీదికి సముద్రం వచ్చినప్పుడు నియమాలు ఎవరిచ్చారు? రెండోసారి ఆడి చూసుకునే అవకాశమేదీ? అందుకే “ఈ యంత్రం నిర్ణయం తీసుకుంటుంది సార్” అని ఎవరొచ్చినా నేనడిగేది ఇదీ: ఎన్నడూ చూడని పరిస్థితిలో పెట్టి చూశారా? ఆ పరీక్ష పెట్టింది తయారుచేసిన వాళ్ళేనా, బయటివాళ్ళా?

2025లో ఆర్క్ ప్రైజ్ వాళ్ళు నియమాలు సైతం చెప్పకుండా కొన్ని చిన్న ఆటలిచ్చారు. మనుషులు తడుముకుంటూ ఆడేశారు. యంత్రాలు బాగా వెనకబడ్డాయి.

మన శ్రీ విజయపురంలో (2024లో పేరు మారినా మన నోట ఇంకా పోర్ట్‌బ్లెయిరే లెండి) కంప్యూటరు చదివే పిల్లలకో పని. పులిజూదాన్ని ఆ తర్కభాషలో రాయండి. పటంలో 23 స్థానాలు. మేకలన్నీ దించేదాకా ఒక్కదాన్నీ కదపకూడదు. పులి మేక మీదుగా ఖాళీలోకి దూకితే మేక పోయినట్టే. పటం నేను గీసిస్తాను.