మా వారూ, నేనూ, ఒక కారూ



కార్ల గురించి మాట్లాడబోతున్నానంటే మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఓలమ్మా! జీడిపప్పు పాకమో, పనసపొట్టు కూరో సెప్పుకోక ఆడోలికి కార్ల గొడవేటే?" అన్నారు. ఆవిడ అన్నదీ నిజమే. కాశీబుగ్గ అనగానే ఎవరికైనా జీడిపప్పే గుర్తొస్తుంది. కాని మా ఇంట్లో పెళ్లయిన నాటినుంచీ జీడిపప్పుకన్నా ఎక్కువగా నలిగిన మాట కారు.

మా వారు జీడిపిక్కల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తారు. పెళ్లిచూపులనాడు నన్నడిగినది ఒకే ఒక్క ప్రశ్న. "మీకు కారెక్కితే కడుపులో తిప్పుతుందా?" అని. తిప్పదన్నాను. మా నాన్నగారు గట్టిగా దగ్గేరు. కాపురానికొచ్చాక చూద్దును కదా, ఆయన ట్రంకుపెట్టెలో బట్టలకంటే స్పోర్ట్స్ కార్ల బొమ్మలే ఎక్కువ! పైకప్పు లేనివి, నేలకానుకుని పడుకున్నట్టుండేవి, ఇద్దరికి మాత్రమే చోటున్నవి. "ఇందులో పిల్లలెక్కడ కూచుంటారండీ?" అంటే, "కూచోలేరు. అదే కదా సుఖం!" అనేవారు. చలిజ్వరంలా ఆ పిచ్చి నాకూ అంటుకుంది.

కార్లు కలిపిన జంటలూ ఉన్నారండోయ్. జె.ఆర్.డి. టాటా గారు కుర్రతనంలో బొంబాయి వీధుల్లో తన బుగాటీ కారును మితిమీరిన వేగంతో తోలి కేసులో ఇరుక్కున్నారు. ఆ కేసు కోసం విక్కాజీ అనే లాయరుగారి దగ్గరికి వెళ్తే, అక్కడ ఆయన మేనకోడలు థెల్మా పరిచయమైంది. 1930లో పెళ్లి చేసుకున్నారు. ఆయన తల్లి సుజాన్ గారు 1905లోనే కారు నడిపేరట. మన దేశంలో కారు నడిపిన మొదటి స్త్రీ ఆవిడే అంటారు. మన సావిత్రిగారికి కార్లంటే ఎంత మోజో మీకు తెలియనిది కాదు.

మాకు బుగాటీలెక్కడివి? 2009లో నా గాజులు రెండు అమ్మి, చేబదులు కొంత కలిపి పాత మారుతీ 800 కొన్నాం. మూడు సిలిండర్లు, 796 సీసీ. దాన్నే మా వారు స్పోర్ట్స్ కారు అనుకున్నారు. ఆదివారం తెల్లవారకముందే లేచి అక్కుపల్లి సముద్రం దాకా వెళ్లేవాళ్లం. దారికి అటూ ఇటూ కొబ్బరితోటలు, జీడితోటలు. ఆ మలుపుల్లోనే నాకు నేర్పేరు. "వేగం మలుపు రాకముందే తగ్గించుకోవాలి. మలుపులో ఉండగా బ్రేకు తొక్కితే బండి మన మాట వినదు. ముక్కు తిన్నగా అయ్యేక అప్పుడు తొక్కు యాక్సిలేటరు" అనేవారు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఈనాటికీ తెలియని మనిషి, చక్రం పట్టుకుంటే ఎంత ఓర్పుగా చెప్పేరో! ఒకసారి టెక్కలి దాటేక హైవే మీద ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి మమ్మల్ని దాటిపోయింది. ఏ కారో కూడా తెలియలేదు. ఆ రోజంతా ఇద్దరం దాని చప్పుడు గురించే చెప్పుకున్నాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం మీద పడింది. ఉద్దానం వాళ్లకి ఆ రాత్రి సంగతి నేను చెప్పక్కర్లేదు. తరాలనాటి కొబ్బరిచెట్లు పుల్లల్లా పడిపోయేయి. కొన్నాళ్లకి మా పెద్దమామగారి తోటలో పడిన చెట్లు తీస్తూండగా ఒక మాను దొర్లి మా వారి ఎడంచేతి మీద పడింది. మణికట్టు నుజ్జయింది. విశాఖలో రెండుసార్లు ఆపరేషను చేసినా వేళ్లకి పట్టు రాలేదు. మన కార్లలో గేరు మార్చేది ఎడంచేత్తోనే కదా!

అలా చక్రం నా చేతికొచ్చింది. ఆస్పత్రికి నేను, కిరాణాకి నేను, మందస గుడికి నేను. "మొగుణ్ణి పక్కన కూకోబెట్టుకుని ఎలతాంది సూడు" అని వీధరుగు మీద నవ్వుకునేవారు. ఆ నవ్వులు నన్నేం బాధపెట్టలేదు గాని, పక్క సీట్లో ఆయన కుడికాలు ఉత్తినే నేలకేసి తొక్కుతూండేది, అది చూడలేకపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే ఎలిష్కా యూంకోవా గురించి చదివేను. చెక్ దేశపు ఆవిడ, 1900లో పుట్టింది. భర్త చెన్యెక్ బ్యాంకరు, కార్లంటే పడిచచ్చేవాడు. యుద్ధంలో చేతికి తగిలిన దెబ్బవల్ల గేర్లు మార్చడం ఆయనకి కష్టమైంది. ఆవిడ చక్రం పట్టింది. చూడండి, మా కథే! 1928 మేలో సిసిలీ కొండదారుల్లో జరిగే టార్గా ఫ్లోరియో పందెంలో దిగింది. చుట్టు 108 కిలోమీటర్లు, అలాంటివి అయిదు. ముందుగానే ఆ దారిలో నడిచి మలుపులు గుర్తుపెట్టుకుందట. రెండో చుట్టులో మగవాళ్లందరికంటే ముందుంది. చివర్లో కారు మొరాయించి అయిదో స్థానంలో వచ్చింది.

ఆ జులైలోనే జర్మనీలో భార్యాభర్తలిద్దరూ ఒకే కారును వంతులవారీగా నడుపుతున్నారు. ఆవిడ దిగి ఆయనకిచ్చింది. కాసేపటికే ఆయన దారి తప్పి పడి ప్రాణం వదిలేడు. ఆవిడ కార్లు అమ్మేసింది, మళ్లీ పందెంలో దిగలేదు. 1994 దాకా బతికింది. ఇదంతా మా వారికి చదివి వినిపించేను, ఆ జులై సంగతి తప్ప.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. మన దేశంలో ఆ పందెం అదే మొదటిసారి. టీవీ ముందునుంచి మేం కదల్లేదు. కరెంటు కార్లు, ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. వెర్న్ అనే ఫ్రెంచి అతను గెలిచేడు. "బాగానే ఉన్నాయి గాని గొంతు లేదే" అని మా వారు పెదవి విరిచేరు. సాయంత్రం చెయ్యి చాచి, "తాళం ఇలాగియ్యి" అన్నారు.

అప్పటికి వేళ్లు కొంత ముడుచుకుంటున్నాయి. తోలొచ్చునని డాక్టరుగారూ అన్నారు. అయినా నాకు చెయ్యి రాలేదు. భయమన్నాను. భయం నిజమే, ఆవిడ దిగి ఇచ్చిన ఆ చక్రం నా కళ్లముందు ఆడుతూనే ఉంది. కాని మీ దగ్గర దాపరికమెందుకు? నాలుగేళ్లుగా ఆ చక్రం నాదైపోయింది, వదలబుద్ధి కాలేదు. "నీకు ఇష్టం లేదు, అదీ సంగతి" అన్నారాయన. రెండు రోజులు మాటల్లేవు. మూడోనాడు ఆ జులై సంగతి కూడా చెప్పేసేను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన తోలుతూ పోయేడు. నేను పక్కన కూచుని పోతానేటే?" అన్నారు.

ఇప్పుడు వెళ్లేటప్పుడు ఆయన, వచ్చేటప్పుడు నేను. హైవే ఎక్కం, లోపలి దారులే. మూడో గేరు దగ్గర ఆయన వేళ్లు ఇంకా జారుతాయి. నోరు విప్పి చెప్పరు. క్లచ్ తొక్కిన చప్పుడు వినగానే నా కుడిచెయ్యి గేరు మీద పడుతుంది. "నాకొచ్చులే" అని కసురుకుంటారు, కాలు మాత్రం క్లచ్ మీదనుంచి తియ్యరు.

ఈ ఆదివారం తేలినీలాపురం వైపు వెళ్లి పక్షుల్ని చూద్దామంటున్నారు. తాళాలు మటుకు నా కొంగునే ఉన్నాయి.