చలిజ్వరం కేసు
(గోపాలపట్నంలో మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వానాకాలం వస్తే మనకు జ్వరాలు కొత్త కాదు. అందుకే హైదరాబాదులో జరిగిన ఒక కేసు మనవి చేస్తాను. 2002 జూలైలో ఒకాయన చలిజ్వరంతో ఉన్న భార్యను ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. విడాల్ పరీక్షలో టైఫాయిడ్ లేదని వచ్చినా ఆ జ్వరానికే వైద్యం చేశారు. నాలుగు రోజులకు, ప్రాణం కడబట్టిన స్థితిలో, వేరే ఆసుపత్రికి మార్చారు. అక్కడ రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. ఆమె దక్కలేదు. ఆ భర్త మలేరియా శాఖలోనే అధికారి. ఏమనుకోవాలి చెప్పండి!

జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది. జాతీయ కమిషన్‌లోనూ అదే గతి. మలేరియాకు వైద్యం చేయలేదని మొదటి ఆసుపత్రి డాక్టరే సాక్ష్యంలో ఒప్పుకున్నారు. తప్పు అంత స్పష్టంగా ఉంటే ప్రతి కేసుకూ నిపుణుడు అక్కరలేదని 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. అప్పటికి ఆమె పోయి ఏడున్నరేళ్లు దాటింది.

నేను ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాను, నా చూపు కాగితం మీదికే పోతుంది. కేస్‌షీటు నకలు కావాలని రాసి ఇవ్వండి, 72 గంటల్లో ఇవ్వాలి. డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని జంకవద్దు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. దుఃఖంలో ఉన్న ఇంట్లో రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు.