చిలుక పలుకులు కావవి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



హైదరాబాదునందలి జూబిలీ హిల్సు, ఫిలింనగరు అనగానే తారలును, స్టూడియోలును స్ఫురించును. అచ్చట పుట్టిన సంభాషణలు పల్లె పసివారి నోళ్లలో గూడ నాడుచున్నవి. అట్టి పలుకులను గూర్చియే ఈ ప్రసంగము.

కొందరు పిల్లలు “అమ్మా, దాహము” అని యడుగలేరు. కాని సినిమా సంభాషణమును పొల్లుపోకుండ వల్లింతురు. ఆటిజము గల పిల్లలలో ఇది తరచుగా కానవచ్చును. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసమునందే ఈ ప్రతిధ్వని వంటి పలుకు వర్ణింపబడినది. పెద్దలు దీనిని చిలుక పలుకని తోసివేయుదురు. చిలుకకు మాత్రము అన్యాయమేల? శుకసప్తతిలోని చిలుక ఊరక పలుకలేదు; యజమానురాలు గడప దాటకుండ నాపుటకే కథలు చెప్పినది. ఈ బిడ్డ పలుకునకును పలుమారు ప్రయోజనముండును. భోజన ఘట్టములోని మాట ఆకలివేళకే వచ్చుచున్నదేమో, పోరాట ఘట్టములోని కేక భయమైనపుడే వచ్చుచున్నదేమో ఇంటివారు కనిపెట్టవలెను. అట్లైనచో గద్దింపక, “అన్నము కావలెను” అని బిడ్డ పలుకవలసిన మాటను తామే పలికి, వెంటనే అన్నము పెట్టవలెను. మరుసారి, మాటకై కొంచె మాగవలెను. ఆ యాగుటయే కష్టము. బిడ్డ నోరు తెరువకమునుపే చెంబు చేతికిచ్చు అమ్మమ్మ లేని యిల్లేది?

మాటయే రాని బిడ్డ మాటేమి? భక్తప్రహ్లాదతో మాటలు నేర్వకమునుపు తెలుగు సినిమా బొమ్మలతోనే కథ చెప్పినది. బిడ్డయు నట్లే చెప్పవచ్చును. నీరు, అన్నము, మరుగుదొడ్డి బొమ్మలను అట్టముక్కల కంటించి, బిడ్డ ఏది చేతికిచ్చిన దానిని తక్షణమే సమకూర్పవలెను. 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనువారు అమెరికాలో ఈ పద్ధతికి క్రమము కల్పించిరి. బొమ్మల వలన మాట రాకపోవునను భయము నిరాధారము.

తల్లి ప్రేమ చాలకనే యిట్లయ్యెనను వాదము ఒకప్పుడు పండితులలోను ఉండెను. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ దానిని ఖండించెను. అత్తవారిండ్లలో అది యింకను చావలేదు.

ఏడాది నిండినను పిలిచిన తిరిగి చూడకున్నను, వ్రేలితో చూపకున్నను, 16 నెలలకు ఒక్క మాటయు రాకున్నను ముందు చెవి పరీక్ష చేయింపవలెను. మేనమామకు గూడ ఆలస్యముగనే మాట వచ్చెనని కాలము గడుపరాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించి జిల్లా కేంద్రమునకు పంపుదురు. సికింద్రాబాదు మనోవికాసనగరులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థయు కలదు.

ఈ గ్రంథాలయమున చినిగిన సినిమా పత్రికలున్నచో తల్లులు బొమ్మలకై కత్తిరించుకొనవచ్చును. అయితే దాహమునకు తార చేతిలోని గ్లాసు బొమ్మకంటె, ఇంటిలోని చెంబును ఫోటో తీసి యంటించుటయే మేలు.