ఇనుప గొట్టానికి రసాయన రక్ష

యానాంలో ఉన్నవాళ్లకి, గౌతమి దాటి ఎదుర్లంకలో ఉన్నవాళ్లకి, ఇటు తాళ్లరేవు వాళ్లకి తుప్పంటే ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. కొత్తగా పెట్టించిన గ్రిల్లు రెండు వానాకాలాలు గడిచేసరికి ఎర్రబడుతుంది. చాలా ఇళ్లలో బోరింగు కొట్టగానే ముందు కాసేపు ఎర్రనీళ్లే వస్తాయి. సముద్రం దగ్గర కావడంతో మన గాలిలోనూ ఉప్పే, చాలాచోట్ల భూమిలోని నీళ్లలోనూ ఉప్పే. ఇలాంటి చోట ఇనుప గొట్టాన్ని ఏ రసాయనాలు కాపాడతాయో, ఎక్కడ కాపాడలేవో ఈ రోజు చెప్పుకుందాం.

తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఇనుము మీద తడి చేరినప్పుడు అక్కడ సన్నగా విద్యుత్తు పుడుతుంది. ఒకచోట ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంటే, పక్కచోట ఆక్సిజన్ ఆ చర్యని పూర్తిచేస్తుంది. ఉప్పునీళ్లలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి ఇదంతా మరింత వేగంగా జరుగుతుంది. పైగా ఇనుప తుప్పు గుల్లగా ఉంటుంది. పైన పేరుకున్నా కింది ఇనుముని కప్పి ఉంచదు. అందుకే ఒకసారి మొదలయ్యాక లోపలికి తినుకుంటూ పోతుంది.

దీనికి మనిషి కనిపెట్టిన గట్టి విరుగుడు జింకు పూత. యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న కాలంలోనే, 1837లో, స్టానిస్లాస్ సోరెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇలా జింకు పూత పూసిన గొట్టాన్నే మనం జీఐ పైపు అంటాం. ముందు గొట్టానికున్న జిడ్డుని క్షార ద్రావణంతో కడుగుతారు. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనో, సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనో ముంచి తుప్పు, పెచ్చులు వదలగొడతారు. జింకు అమ్మోనియం క్లోరైడు ద్రావణంలో ముంచి ఆరబెట్టి, చివరికి 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ఉన్న జింకులో దించుతారు. అక్కడ ఇనుము, జింకు కలిసి మిశ్రలోహపు పొరలు ఏర్పడతాయి. కాబట్టి ఇది రంగులా పైపైన అంటుకున్న పూత కాదు.

జింకులో ఇంకో గుణం ఉంది. పూత మీద చిన్న గీత పడి ఇనుము బయటపడ్డా, చుట్టూ ఉన్న జింకు ముందు తాను కరిగిపోతూ ఇనుముని కరగనివ్వదు. జింకు ఉన్నంతకాలం ఈ రక్షణ ఉంటుంది.

ఈ పనంతటిలో అసలు మెలకువ కడగడంలోనే ఉంది. పెచ్చులు, బూజు దులపకుండా గోడకి సున్నం వేస్తే ఎంతకాలం నిలుస్తుందో, మురికి ఇనుము మీద పూత కూడా అంతే కాలం నిలుస్తుంది. చమురు, గ్యాసు తీసుకెళ్లే పెద్ద గొట్టాలకైతే శ్రద్ధ ఇంకా ఎక్కువ. ఉక్కు రవ్వల్ని జోరుగా కొట్టి పైభాగాన్ని గరుకుగా, శుభ్రంగా చేస్తారు. కంటికి కనపడని ఉప్పు పోవడానికి ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడుగుతారు. తర్వాత 200 డిగ్రీలు దాటేలా వేడిచేసి ఎపాక్సీ పొడి చల్లుతారు. అది కరిగి అతుక్కున్నాక దాని మీద జిగురు పొర, ఆపైన పాలిథిన్ పొర వేస్తారు.

ఇంత చేసినా అది బయటి రక్షణే. లోపల్నుంచి తుప్పు పడితే ఏమవుతుందో మన కోనసీమ చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ గొట్టంలో గ్యాసుతోపాటు నీరు కూడా పారిందని, లోపలి తుప్పే గొట్టాన్ని తినేసిందని కేంద్ర పెట్రోలియం శాఖ విచారణలో తేలింది. గ్యాసులోని కార్బన్ డయాక్సైడు నీటితో కలిస్తే ఆమ్లమవుతుంది. అందుకే గొట్టంలోకి పంపే ముందే గ్యాసులోని తేమ తీసేయాలి. లోపలి గోడకి సన్నని పొరలా పట్టి ఉండే నిరోధక రసాయనాలు కలపాలి. గొట్టం మందం ఎంత తగ్గిందో పరికరాలతో ఎప్పటికప్పుడు చూడాలి. ఇందులో ఏది వదిలినా మూల్యం చెల్లించేది గొట్టం పక్కన కాపురముండే జనం.

ఇక ఇంటి సంగతి. జీఐ పైపు కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర చూడండి. పసుపు పట్టీ ఉంటే పలచన రకం, నీలమైతే మధ్యరకం, ఎరుపైతే మందం రకం. మన ఉప్పు నేలలో పూడ్చే గొట్టానికి పలచన రకం వద్దు. మరలు కోసిన చోట జింకు పోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. బిగించాక అక్కడ జింకు పెయింటు వేయించండి. రాగి గొట్టాన్ని జీఐ గొట్టానికి నేరుగా కలపనివ్వకండి. తడి తగిలితే జింకు తొందరగా కరిగిపోతుంది. బాత్రూము కడిగే ఆసిడ్‌ని పైపుల మీద పోయకండి, జింకు పూతకి అది శత్రువు. పాత గ్రిల్లుకి రంగు వేయించేటప్పుడు తుప్పంతా గీకించి, మంచినీళ్లతో ఉప్పు కడిగించి, బాగా ఆరాకే ప్రైమరు వేయించండి.

మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. నీటి పీహెచ్ 6.5 కన్నా తక్కువ ఉంటే జీఐ గొట్టం ఎక్కువకాలం నిలవదు, ప్లాస్టిక్ గొట్టమే మేలు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లని పొద్దున్నే మొక్కలకి పోసి, ఆ తర్వాత వచ్చేవే తాగడానికి పట్టుకోండి.

చివరిగా ఒక విన్నపం. మీ చేను గట్టునో, రోడ్డు వారనో గ్యాసు పైపు గుర్తు రాయి ఉంటే దాని మీదున్న ఫోను నంబరు ఇంట్లో అందరికీ కనపడేలా రాసిపెట్టుకోండి. గ్యాసు వాసన తగిలినా, నేలలోంచి బుడగలు వస్తున్నా, బుస్సుమనే చప్పుడు వినపడినా పొయ్యి వెలిగించకండి, స్విచ్చి వేయకండి. అందరూ గాలికి ఎదురుగా దూరం వెళ్లి, అక్కడినుంచి ఫోను చేయండి. ఒకసారి చెప్పినా ఎవరూ రాకపోతే మళ్లీ చెప్పండి, వచ్చేదాకా చెప్పండి.