వైద్యశాస్త్రము – ఉత్కంఠ నవల

యండమూరి వీరేంద్రనాథ్ గారు ఆంధ్రభూమి వారపత్రికయందు ధారావాహికముగా వెలయించిన 'తులసిదళం' నవలలో, పసిబాలికయగు తులసిని పీడించునది చేతబడియో, వైద్యమున కందు వ్యాధియో యను సంశయము పాఠకుని తుదివఱకు విడువదు. నేత్రవైద్యుఁడగు అమెరికా రచయిత రాబిన్ కుక్, 1982 నాటి 'ఫీవర్' నవలలో, కర్మాగారము నదిలోనికి విడిచిన బెంజీన్ వలననే తన కూఁతురికి రక్తక్యాన్సరు కలిగినదని గ్రహించిన పరిశోధకుని, ఎవ్వరును నమ్మని యొంటరితనమున నిలిపి ఉత్కంఠను పెంచెను. పటాన్‌చెరు ఔషధ పరిశ్రమల వ్యర్థజలము నక్కవాగును కలుషిత మొనర్చుట నెఱిఁగిన సంగారెడ్డి చదువరికి ఈ కథ పరదేశపు టూహగాఁ దోఁపదు. ఈ రెండు నవలలయందును భీతికి మూలము రోగము కాదు, రోగకారణమును గూర్చిన సంశయమే. కావున నిట్టి నవలలను జదువునపుడు శాస్త్ర మెంతయో, కల్పన యెంతయో వేఱుపఱచుకొనుట చదువరికి మేలు.