ట్యాబ్ ఆగితే చదువు ఆగకూడదు

(జూనియర్ విద్యార్థుల స్టడీ సర్కిల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడేది సిద్ధాంతం గురించి కాదు. మీ బ్యాగుల్లో ఉన్న ఎనిమిది వేల, పది వేల రూపాయల ఆండ్రాయిడ్ ట్యాబ్ గురించి. స్టడీ సర్కిల్‌లో ఇదేం విషయం అని కొందరికి అనిపించవచ్చు. కానీ మనలో చాలామందికి కంప్యూటర్ అంటే అదొక్కటే. నోట్సు అందులోనే, నెట్ దరఖాస్తు అందులోనే, స్కాలర్‌షిప్ రెన్యువల్ అందులోనే. చివరి తేదీ నాడు అది మొండికేస్తే పోయేది ఒక ఏడాది.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2020 జూన్‌లో కేరళలోని మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి చదివే ఒక దళిత బాలిక ఆన్‌లైన్ తరగతులు అందక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్ ఫోన్ లేదు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీలో డిగ్రీ చదువుతున్న షాద్‌నగర్ విద్యార్థిని చనిపోయినప్పుడు ల్యాప్‌టాప్ లేకపోవడం, స్కాలర్‌షిప్ డబ్బు అందకపోవడం అన్నీ చర్చకు వచ్చాయి. పరికరం లేకపోవడం చదువుకు ఎంత అడ్డో ఈ దేశానికి అప్పుడు తెలిసింది. ఉన్న పరికరం పనిచేయకపోవడం కూడా అంతే అడ్డు. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

పేదల కోసం చౌక ట్యాబ్ అన్న ఆలోచన కొత్తది కాదు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 'ఆకాశ్' విడుదల చేసింది. హైదరాబాద్‌లో కూర్చిన ట్యాబ్ అది. 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గాని పలకని తెర. ప్రకటన గొప్పగానే ఉంది, కానీ పిల్లల చేతికి వచ్చిన వస్తువు చదువుకు సరిపోలేదు. అందులో మనకు ఒక పాఠం ఉంది. ధర తక్కువ అన్నంత మాత్రాన అది మన అవసరానికి తగినది అయిపోదు. కొనేటప్పుడే చూసుకోవాలి.

ఏం చూడాలి? ర్యామ్ 4 జీబీకి తగ్గకుండా చూడండి. డబ్బాపై '4 ప్లస్ 4' అని రాసి ఉంటే రెండో నాలుగు అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తీసుకున్నది. స్టోరేజీ 64 జీబీ ఉంటే మేలు. 32 జీబీ అన్నదాంట్లో సిస్టమే పెద్ద వాటా తీసుకుంటుంది. ప్లే స్టోర్ సెట్టింగుల్లో 'అబౌట్' కింద 'ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్' అని ఉంటుంది. అక్కడ 'సర్టిఫైడ్' అని లేకపోతే కొన్ని బ్యాంకు యాప్‌లు, ముఖ గుర్తింపు అడిగే యాప్‌లు మొరాయించవచ్చు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఇప్పుడు ఓటీఆర్‌కి ముఖ గుర్తింపు అడుగుతోంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పాత యజమాని తన గూగుల్ అకౌంట్ తీయకుండా రికవరీ మెనూ నుంచి రీసెట్ చేసి అమ్మితే, ఆన్ చేయగానే అది పాత అకౌంటే అడుగుతుంది. దొంగతనాలు ఆపడానికి పెట్టిన తాళం అది. అమ్మే మనిషి వెళ్ళిపోయాక మీ చేతిలో మిగిలేది పలక. అందుకే మీ ముందే అకౌంట్ తీయించి, రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో హోమ్ స్క్రీన్ దాకా వెళ్ళాకే డబ్బు ఇవ్వండి.

ఇక సెటప్. మొదటి రోజు చేయాల్సినవి నాలుగు. ఒకటి, వైఫై ఉన్నచోట సిస్టమ్ అప్‌డేట్ పూర్తి చేయండి. రెండు, ముందే వేసిచ్చిన ఆటలు, షాపింగ్ యాప్‌లు తీసేయండి. తీయడం కుదరనివి 'డిసేబుల్' చేయండి. మూడు, ప్లే స్టోర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌ను వైఫైకి మాత్రమే పరిమితం చేయండి. ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్ళు ఆ నెట్‌వర్క్‌ని 'మీటర్డ్' అని పెట్టండి, మీకు తెలియకుండా డేటా అయిపోదు. నాలుగు, గూగుల్ కీబోర్డులో తెలుగు చేర్చుకోండి.

తెలుగు అన్నాను కాబట్టి ఒక మాట. పాత తెలుగు వ్యాసాలు, పత్రికల ఫైళ్ళు చాలావరకు అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కాదు. ఆ వర్డ్ ఫైలు మీ ట్యాబ్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. తప్పు ట్యాబ్‌ది కాదు. పంపినవాళ్ళని పీడీఎఫ్ అడగండి, లేదా యూనికోడ్‌లోకి మార్చి పంపమనండి. మీరు రాసేది మాత్రం మొదటినుంచీ యూనికోడ్‌లోనే రాయండి. మన రాతలు పదేళ్ళ తర్వాత కూడా వెతికితే దొరకాలి.

చదవడం సంగతికి వస్తే, బాబాసాహెబ్ రచనలు, ప్రసంగాల ఇంగ్లిష్ సంపుటాలను మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చువేస్తూ వచ్చింది. వాటి పీడీఎఫ్‌లు విదేశాంగ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇలాంటి లావు పీడీఎఫ్‌ని బ్రౌజర్‌లోనో వాట్సాప్‌లోనో తెరిస్తే చిన్న ట్యాబ్ ఆయాసపడుతుంది. ముందు డౌన్‌లోడ్ చేసి కోరీడర్, లిబ్రెరా లాంటి తేలికపాటి రీడర్‌లో తెరవండి. పుస్తకాలు మెమరీ కార్డులో పెట్టుకుంటే లోపలి స్టోరేజీ ఖాళీగా ఉంటుంది. కార్డు నమ్మకమైన చోట కొనండి. నకిలీ కార్డు 128 జీబీ అని చూపిస్తుంది, నిజంగా పట్టేది చాలా తక్కువ. ఆ పైన వేసినవన్నీ పాడవుతాయి.

ఇప్పుడు తరచూ వచ్చే ఇబ్బందులు.

'అన్నా, స్లో అయింది' అంటారు. మొదట స్టోరేజీ చూడండి. దాదాపు నిండిపోతే ఏ ట్యాబ్ అయినా కుంటుతుంది. వాట్సాప్ వీడియోలు తీసేసి కనీసం ఐదారు జీబీ ఖాళీ పెట్టండి. ర్యామ్ క్లీనర్, బూస్టర్ యాప్‌లు వేయకండి. అవే పెద్ద భారం. యాక్సెసిబిలిటీలో యానిమేషన్లు ఆపేస్తే కూడా కొంత తేలికవుతుంది.

ప్రకటనలు వాటంతట అవే వస్తున్నాయా, పదే పదే ఆగిపోతోందా? సేఫ్ మోడ్‌లో పెట్టండి. చాలా ట్యాబ్‌లలో పవర్ మెనూలో 'పవర్ ఆఫ్' మీద వేలు కాసేపు అలాగే ఉంచితే అడుగుతుంది. అందులో మీరు వేసిన యాప్‌లు పనిచేయవు. అప్పుడు బాగా నడిస్తే తప్పు ఏదో యాప్‌ది. ఈమధ్య వేసినవి ఒక్కొక్కటే తీసుకుంటూ రండి. పూర్తిగా బిగుసుకుపోతే పవర్ బటన్ ఇరవై సెకన్ల వరకు నొక్కి పట్టండి. కొన్నింటిలో వాల్యూమ్ బటన్ కూడా కలిపి నొక్కాలి. రీస్టార్ట్ అవుతుంది, ఫైళ్ళు పోవు.

వెబ్‌సైట్లన్నీ 'సురక్షితం కాదు' అంటున్నాయా? తేదీ, సమయం చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయాక కొన్ని ట్యాబ్‌లలో తేదీ వెనక్కి పోతుంది. దాన్ని సరిచేస్తే పోర్టల్ తెరుచుకుంటుంది.

హాస్టల్ వైఫై లాగిన్ పేజీ రావడం లేదా? వీపీఎన్ ఆపండి, ప్రైవేట్ డీఎన్ఎస్ ఆపండి. మీ యూనివర్సిటీ మ్యాక్ అడ్రస్ నమోదు చేయించుకుంటే, ఆ నెట్‌వర్క్ సెట్టింగులో 'డివైస్ మ్యాక్' ఎంచుకోండి. ఆండ్రాయిడ్ 10 నుంచి ప్రతి నెట్‌వర్క్‌కీ ఒక మారు అడ్రస్ చూపడం మామూలైంది. నమోదైంది ఒకటి, కనిపించేది ఇంకొకటి అయితే లోపలికి రానివ్వదు. మనవాళ్ళకు ఇది బాగా తెలిసిన బాధే.

ఛార్జింగ్ ఎక్కడం లేదా? ముందు కేబుల్ మార్చండి, తర్వాత ఛార్జర్. ట్యాబ్ ఆపి, సన్నని చెక్క పుల్లతో పోర్టులోని దుమ్ము మెల్లగా తీయండి. అప్పటికీ ఎక్కకపోతేనే షాపుకు వెళ్ళండి. బ్యాటరీ ఉబ్బి తెర లేస్తే మాత్రం వెంటనే వాడకం ఆపండి. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు.

ఫ్యాక్టరీ రీసెట్ చివరి మందు. చేసే ముందు థీసిస్, సర్టిఫికెట్లు రెండుచోట్ల దాచండి. ఒకటి డ్రైవ్‌లో, ఒకటి ఓటీజీతో పెన్‌డ్రైవ్‌లో. ఈ పని రీసెట్ కోసమే కాదు, ప్రతి ఆదివారం చేయండి.

చివరిగా ఒక మాట. మనలో చాలామందికి అడగడానికి మొహమాటం. ల్యాబ్‌లో అడిగితే 'ఇది కూడా తెలీదా' అన్న చూపు ఎదురవుతుందని భయం. ఇంట్లో కంప్యూటర్‌తో పెరిగినవాడికి ఇవి మాటల మధ్యలో తెలిసిపోతాయి. అతనికి దక్కినది ప్రతిభ కాదు, ముందుగా దొరికిన అవకాశం. ఈ జ్ఞానం మీద ఎవరికీ పుట్టుకతో హక్కు లేదు. యూనివర్సిటీ ఇవ్వాల్సిన ల్యాప్‌టాప్, సమయానికి రావాల్సిన ఫెలోషిప్ కోసం మన డిమాండ్ అలాగే ఉంటుంది. ట్యాబ్ బాగుచేసుకోవడం వాటికి బదులు కాదు. కానీ అవి వచ్చేదాకా మన పిల్ల ఒక్కతీ చివరి తేదీ నాడు తెర ముందు ఏడవకూడదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ప్రతి హాస్టల్ బ్లాకులో ఇవి తెలిసిన ఇద్దరు ఉండాలి. వాళ్ళ గది నంబరు నోటీసు బోర్డు మీద ఉండాలి. స్కాలర్‌షిప్, నెట్ దరఖాస్తులు తెరిచిన వారం వాళ్ళు సాయంత్రాలు అందుబాటులో ఉండాలి. ఒక మంచి కేబుల్, ఒక ఛార్జర్, ఒక పెన్‌డ్రైవ్, ఒక ఓటీజీ మనం చందా వేసి కొందాం. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు ఇప్పుడే లేవండి.

జై భీమ్.